ఇద్దరి మీద ఒకే బొంత

నందికొండ దగ్గర డ్యామ్ గోడ సగం లేచిన రోజుల్లో నా పెద్దకూతురు పుట్టింది. రెండు నెలలు ముందే పుట్టింది. ఆ పిల్ల ఎట్లా బతికిందో చెప్పాలంటే మేము ఎట్లాంటి వాళ్ళమో ముందు చెప్పాలి.

మాది మోత్కూరు దిక్కున ఒక పల్లె. మాది దొరల ఇల్లు, గడి అనేవాళ్ళు. మా తాత కాలంలో దాని ముందు నుంచి చెప్పులు తొడుక్కొని నడిచినవాడు లేడు. ఇది గొప్పగా చెప్పడం లేదు, దాచడమూ లేదు. తర్వాత రజాకార్ల రోజులు, సంఘం రోజులు, పోలీసు చర్య ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కాగితాలు కాలిపోయాయి, వడ్ల గరిసెలు ఖాళీ అయ్యాయి, భూములు దున్నేవాళ్ళ పేర్ల మీదికి పోయాయి. న్యాయంగానే పోయాయని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు. మా నాయిన ఆ దిగులుతోనే పోయాడు. నాకు మిగిలినవి కప్పు కూలిన గడి, మా అమ్మ, మెడ వంచని అలవాటు.

డ్యామ్ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. మనుషుల చేత పని చేయించుకున్న ఇంటివాడిని, పనికి వచ్చిన మనుషుల పేర్లు రాసేవాడినయ్యాను. వాళ్ళలో ఎక్కువమంది పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. మగవాళ్ళు రాయి కొడితే ఆడవాళ్ళు తలల మీద మోసి వెదురు మెట్ల మీదుగా పైకి చేర్చేవాళ్ళు. దూరం నుంచి చూస్తే ఆ గోడ నిండా చీమలు పాకుతున్నట్టు ఉండేది. నేను రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకొని ఆ చీమల పేర్లు రాసేవాడిని. వాళ్ళను అట్లాగే అనుకునేవాడిని.

కృష్ణ అవతలి ఒడ్డున, గుంటూరు వైపు, లూథరన్ మిషన్ వాళ్ళకు ఎప్పటినుంచో బడులూ దవాఖానలూ ఉన్నాయి. ఇక్కడ కూలీల పిల్లలు విరేచనాలతో, చలిజ్వరాలతో రాలిపోతున్నారని విని వాళ్ళు నది దాటి వచ్చి మా ఒడ్డున రెండు రేకుల షెడ్లు వేశారు. వాటిని నడిపేది ఒక తెల్ల నర్సమ్మ. వయసు నలభై దాటి ఉంటుంది. అవతలి ఒడ్డున నేర్చుకున్న తెలుగు కాబట్టి ‘అండీ’ లేకుండా మాట వచ్చేది కాదు. పాలమూరు వాళ్ళకు ఆమె తెల్లతోలు కన్నా ఆ తెలుగే ఎక్కువ వింత.

ఏడాదికి రెండుసార్లు ఆ షెడ్లకు ఓడల మీద వచ్చిన చెక్కపెట్టెలు చేరేవి. పాలపొడి, సబ్బులు, పాతదుప్పట్లు చించి చుట్టలు చుట్టిన గాయం పట్టీలు, బొంతలు. ఆ బొంతలను ఎండ కోసం తీగ మీద ఆరేసేవాళ్ళు. మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేవి. నీలం, గులాబీ, గళ్ళది, పూలది, ముక్కకు ముక్క అతికినవి. బొంత అంటే మా వైపు లేనివాళ్ళు కప్పుకునేది. సముద్రాలు దాటించి పంపేది పాతగుడ్డలనా అని నవ్వుకునేవాడిని.

నా భార్య నీళ్ళోసుకున్నదని తెలిసి నర్సమ్మ ఒకసారి పాలపొడి డబ్బా ఇవ్వబోయింది. మాది ఇచ్చే ఇల్లు, పుచ్చుకునే ఇల్లు కాదని చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు.

“మంచిదండీ. ఇచ్చేవాళ్ళే కావాలి మాకు” అంది, డబ్బా లోపల పెట్టుకుంటూ.

తర్వాత నెల తిరక్కుండానే ఒక పొద్దున నా భార్యకు నొప్పులు వచ్చాయి. ఏడో నెల. మంచం మీదే నలుగురు మోసుకొని ఆ షెడ్డుకు తీసుకుపోయారు. ఇంకో దవాఖాన దగ్గర్లో లేదు. గంటలో ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ రెండు అరచేతుల్లో పెట్టి చూపించింది. అరచేతుల్లో ఇంకా జాగా మిగిలింది. ఏడవలేదు. పిల్లిపిల్ల మూలిగినట్టు ఒక చిన్న చప్పుడు చేసింది. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి.

గోడ వారన ఒక చెక్కపెట్టె ఉంది. సరుకు వచ్చిన పెట్టెల్లోదే. లోపల చుట్టూ దూది పరిచి, వేడినీళ్ళు పోసిన గాజుసీసాలకు గుడ్డ చుట్టి నిలబెట్టారు. మీద ఒక బొంత. నర్సమ్మ బొంత ఎత్తింది. లోపల అప్పటికే ఒక పసిగుడ్డు ఉంది. మగపిల్లవాడు, నల్లగా, గుప్పెడంత.

“వీడు నాలుగు రోజుల కింద పుట్టాడండీ. వీడూ తొందరపడ్డాడు. పెట్టె ఒక్కటే ఉంది. పక్కపక్కన పడుకోబెడితే ఒకరి వేడి ఒకరికి అందుతుంది. మీకేమైనా అభ్యంతరమా?”

పెట్టె పక్కన నేల మీద ఆ పిల్లవాడి తల్లి, పాలమూరు కూలీ, కూర్చొని ఉంది. ఆమె పేరు నా పుస్తకంలో ఎన్నోసార్లు రాశాను. ముఖం అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. ఇంకో పెట్టె చేయించలేమా అన్నట్టు ఏదో గొణిగాను.

“చేయించవచ్చండీ. వడ్రంగి వచ్చేలోపు బిడ్డ చల్లబడిపోతుంది” అంది నర్సమ్మ. నా జవాబు కోసం ఆగకుండా పిల్లను లోపల పెట్టి బొంత కప్పింది.

మా అమ్మ కోసం మనిషిని పంపాను. మూడో రోజు బండిలో, బస్సులో, మళ్ళీ బండిలో వచ్చింది. ఒక మూట చంకన పెట్టుకొని, వీపు నిటారుగా పెట్టి షెడ్డులోకి నడిచి వచ్చింది. ఆ నడక చూసే పాలమూరామె లేచి నిలబడింది. మా అమ్మ ముందు మంచం మీదున్న కోడలి నుదురు ముట్టి చూసింది. తర్వాత పెట్టె దగ్గరికి వచ్చింది.

“ఏందిరా గిది? పిల్లనా, మామిడిపండా? పెట్టెల వెట్టినరు?”

నేను నోరు తెరిచేలోపు పాలమూరామె అందుకుంది. “మాగవెడుతున్నం దొరసానీ. నెల దినాలకు పండుతరట.”

మా అమ్మ నవ్వలేదు. బొంత అంచు ఎత్తి చూసింది. “గా రెండోది ఎవలి బిడ్డ?”

“నాదే. కొడుకు.”

“ఏం కులం మీది?”

“మట్టిపని చేస్తం దొరసానీ.”

“నేనడిగింది పని కాదు.”

“మాకు పనే గద కులం” అని ఆమె సీసాలో నీళ్ళు మార్చడంలో పడింది.

మా అమ్మకు కోపం రాలేదని కాదు. అంతకన్నా పెద్దది ఆమె మనసులో ఉంది. మా ఇళ్ళలో పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కట్టరు. నిండు వయసు బతికిన పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన బట్టలో మొదట చుడతారు. వాళ్ళ ఆయుష్షు ఆ బట్టతో బిడ్డకు వస్తుందని నమ్మకం. నన్నూ అట్లాగే చుట్టారు. మా నాయిననూ అట్లాగే చుట్టారు. ఇప్పుడు మా పిల్ల మీద ఉన్నవి ఎవరివో తెలియని ముక్కలు.

నర్సమ్మ రాగానే మా అమ్మ నిలదీసింది. “గీ గుడ్డలు ఎవలయి? బతికినోళ్ళయా, సచ్చినోళ్ళయా? పిల్లల్ని మన్నుల వెట్టినోళ్ళయేమో! తెలువకుండ నా మనుమరాలికి ఎట్ల కప్పుతవు? నేను నా పిల్లను ఇంటికి కొండవోత.”

అని పెట్టెలోకి చేతులు పెట్టింది. నర్సమ్మ ఆ చేతుల మీద తన చేతులు వేసింది. మా అమ్మను ఎవరైనా అట్లా పట్టుకోవడం నేను చూసింది అదే మొదలు.

“అమ్మగారూ, బయటికి తీస్తే పిల్ల బస్సు ఎక్కేదాకా కూడా ఉండదండీ. మీరు అడిగింది మంచి మాట. జవాబు చెప్తాను. విన్నాక మీ ఇష్టం.”

ఆమె నేల మీద కూర్చుంది. బొంత కొస ఒకటి తన ఒళ్ళోకి తీసుకుంది.

“మా ఊళ్ళో చర్చి కింద ఒక గది ఉంటుందండీ. చలికాలం మోకాళ్ళ లోతు మంచు పడుతుంది, పొలం పని ఉండదు. అప్పుడు ముసలమ్మలు వారానికి ఒక పూట ఆ గదిలో చేరతారు. ఎవరింట్లో పాతబడ్డవి వాళ్ళు తెస్తారు. ఇదిగో, ఈ నీలంది రైతు చొక్కా. ఇది చిన్నపిల్ల గౌను. ఇది కిటికీ తెర. బల్ల చుట్టూ కూర్చొని కుడతారు. మా అమ్మ కుడుతుంటే బల్ల కింద ఆడుకున్నాను నేను.”

“గిది మీ అమ్మ కుట్టిందా?”

“తెలియదండీ. ఏ ఊరిదో కూడా తెలియదు.”

“ఎవలి కోసం కుడుతున్నరో వాళ్ళకు తెలుస్తదా?”

“తెలియదండీ. ఎక్కడో చలికి వణికే ఒక మనిషి కోసం. కుట్టడం అయిపోయాక అందరూ దాని మీద చేతులు పెట్టి దేవుణ్ణి అడుగుతారు, ఇది కప్పుకున్నవాళ్ళు పదికాలాలు బతకాలి అని.”

మా ఇంట్లో ఇవ్వడం నాకు బాగా తెలుసు. మా తాత గడి మెట్ల మీద నిలబడేవాడు. పుచ్చుకునేవాడు కింద నిలబడేవాడు. ఎవరు ఇచ్చారో ఊరందరికీ తెలిసేది. పుచ్చుకున్నవాడు చచ్చేదాకా ఆ సంగతి మోసేవాడు. ముఖం చూపించకుండా, ముఖం చూడకుండా, దండం ఆశించకుండా ఇవ్వడం ఒకటి ఉంటుందని నేను ఊహించలేదు. ఏ దేశంలోనో, పేరు కూడా పలకలేని ఊళ్ళో, ఒక ముసలామె కళ్ళు చికిలించుకొని సూదిలో దారం ఎక్కించింది. ఆ దారం వచ్చి నా కూతురి మీద ఆగింది. ఆ ఆలోచన ముందు నేను చాలా చిన్నవాడినయ్యాను. అవమానం అనిపించలేదు. కొండ కింద నిలబడి తలెత్తి చూసినప్పటిలా ఉంది.

మా అమ్మ చాలాసేపు ఆ కుట్లు చూస్తూ ఉంది. వేలితో ఒక వరుస పొడుగునా రాసి చూసింది.

“ముసలోళ్ళేనా కుట్టేది?”

“ఎక్కువమంది ముసలోళ్ళేనండీ. ఎనభై దాటినవాళ్ళు కూడా ఉంటారు.”

“అయితె సరే” అంది మా అమ్మ. తర్వాత చాలా జాలిగా అడిగింది. “ఇండ్లల్ల చొక్కాలు, తెరలు కూడ విడువకుండ అతుకులేసుకుంటున్నరంటె, పాపం, గా దేశంల కరువు మస్తున్నట్టుంది?”

నేను దిద్దబోయాను. నర్సమ్మ నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

మా అమ్మ మూట విప్పింది. రెండు నారాయణపేట గళ్ళచీరలు, ఎర్రంచువి, ఉతికి ఉతికి తమలపాకులా మెత్తబడ్డవి. “మా అత్త కట్టిన చీరలు. ఎనభై ఏండ్లు దాటి బతికింది, ఒక్క పన్ను ఊడలే. ఒకటి నా మనుమరాలికి. ఇంకోటి గా ముసలోళ్ళకు పంపు. గా దేశంల ఎవలింట్లనన్న పసిగుడ్డు పుడితె చుట్టుకుంటరు. మేం ఊకె పుచ్చుకునేటోళ్ళం కాదని చెప్పు.”

“తప్పకుండా పంపుతానండీ” అంది నర్సమ్మ. చీర రెండు చేతులా అందుకొని కళ్ళకు అద్దుకుంది. పంపింది కూడా. ఆ పార్సిల్ పోస్టాఫీసుకు మోసుకుపోయింది నేనే. మా ఇంటి చెయ్యి ఇంకా పైనే ఉందని ఆ రోజు సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే, మా అమ్మ తెలియకుండానే వాళ్ళు చేసిన పనే చేసిందనిపిస్తుంది. ముఖం తెలియని బిడ్డకు బట్ట పంపింది.

రెండో చీర మా పిల్లకు చుట్టాలి. నర్సమ్మ అడ్డు చెప్పింది. వేరుగా చుడితే పక్కవాడి వేడి అందదు. పరిస్తే ఇద్దరి కింద పరవాలి, కప్పితే ఇద్దరికీ కప్పాలి. మా అమ్మ చీర పట్టుకొని అట్లాగే నిలబడింది. మా నాయినమ్మ చీర, పాలమూరు కూలీ బిడ్డ మీద. పాలమూరామె తల దించుకొని తన గోళ్ళు చూసుకుంటోంది. మా అమ్మ ఒక్కసారి ఊపిరి వదిలి, చీరను మడిచి, ఇద్దరి మీదా పరిచింది. పైన బొంత తనే సర్దింది.

నా భార్య ఇంకా మంచం దిగలేదు. అప్పటినుంచి పెట్టె దగ్గర మా అమ్మా, పాలమూరామె ఇద్దరూ కూర్చునేవాళ్ళు. చెరొక మూల, మధ్యన మూరెడు జాగా వదిలి. సీసాల్లో నీళ్ళు చల్లారగానే ఒకరు పొయ్యి దగ్గరికి పోతే ఇంకొకరు సీసా విప్పేవాళ్ళు. మాటలు తక్కువ. మధ్యాహ్నం రాళ్ళు పేల్చే వేళకు సైరన్ మోగేది. అది వినగానే ఇద్దరూ వంగి పెట్టె మీద చేతులు అడ్డం పెట్టేవాళ్ళు. నేల అదిరి లోపల సీసాలన్నీ గలగలమనేవి. ఆ గలగల ఆగాక బొంత ఎత్తి చూసేవాళ్ళు. రెండు నోళ్ళు ఆవలిస్తూ కనిపించేవి.

పదహారో రోజు సైరన్ మోగింది, సీసాలు గలగలమన్నాయి, బొంత ఎత్తారు. పిల్లవాడు కాళ్ళు కదిలిస్తున్నాడు. మా పిల్ల కదలడం లేదు. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. నేను అన్నం క్యారియర్‌తో అప్పుడే గడప దాటాను. నర్సమ్మ రెండో షెడ్డులో ఉంది. మా అమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

పాలమూరామె ఎవరినీ అడగలేదు. పిల్లను తీసి, తలకిందుగా చేసి, అరికాళ్ళ మీద వేలితో కొట్టింది. తర్వాత తన రొమ్ముకు ఆనించుకొని రాళ్ళు మోసి కాయలు కాసిన అరచేత్తో వీపు రుద్దింది. “లే బిడ్డా, లే. గింత దూరమొచ్చి గిప్పుడు అలుగుతవా? లే, నీ నాయినమ్మ తిడుతది నన్ను.” రుద్దుతూ, తిడుతూ, మళ్ళీ రుద్దుతూ. నేను వేసిన కేకకు నర్సమ్మ పరుగెత్తి వచ్చేసరికి పిల్ల ఒక్కసారి ఎక్కిళ్ళు పట్టినట్టు అదిరి ఏడ్చింది. పుట్టినప్పటి నుంచి అంత గట్టిగా ఏడవలేదు.

“నేనైనా చేసేది ఇంతేనండీ” అంది నర్సమ్మ, ఆయాసపడుతూ. “ఇంతకన్నా బాగా చేయలేను.”

ఆ సాయంత్రం మా అమ్మకూ పాలమూరామెకూ మధ్య మూరెడు జాగా లేదు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు.

ముప్పై ఆరో రోజు నర్సమ్మ పిల్లలను తూచి, ఇక తీసుకుపోవచ్చని చెప్పింది. ఆ దవాఖానలో ఒక పద్ధతి ఉంది. బిడ్డ మీద కప్పిన బొంత బిడ్డతోనే ఇంటికి పోతుంది. ఇక్కడ బొంత ఒక్కటి, బిడ్డలు ఇద్దరు. మిగతావన్నీ అప్పటికే పంచేశారు.

“వాళ్ళకు ఇవ్వండి. మాకు క్వార్టర్సు ఉంది” అన్నాను. వాళ్ళు ఉండేది నది ఒడ్డున తాటాకు గుడిసెలో. న్యాయంగానే చెప్పాను. లోపల కొంచెం తేలిక కూడా పడ్డాను, ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకుండా బయటపడ్డానని. నర్సమ్మ సరేనని బొంత పాలమూరామెకు ఇచ్చింది.

మేము గడప దాటబోతుంటే మా అమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది.

“ఏమే” అంది. కొంగు సవరించుకుంది. మళ్ళీ అంది. “జర గా బొంతల ఒక్క ముక్క ఇప్పి నాకియ్యరాదూ? పిల్ల మెడ కింద వెడత.”

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మా అమ్మ ఒకరిని ఏదైనా అడగడం నేను వినలేదు. పాలమూరామె కూడా నమ్మలేనట్టు చూసి, పకపకా నవ్వింది. “అడిగెతందుకు గింత సిగ్గు వడ్తివి! ఒకటేంది, నాలుగు ఇప్పుకో.”

ఇద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు. నర్సమ్మ దగ్గర చిన్న కత్తి తీసుకొని నీలం ముక్క అంచు విప్పడానికి చూశారు. కుట్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే కత్తి మొన దూరలేదు. ఒక పక్క విప్పితే రెండో పక్క అదే దారం మళ్ళీ వెనక్కి వచ్చి కట్టి ఉంది. మా అమ్మ కుట్టుపని తెలిసిన మనిషి. బొంత తిప్పి వెనకవైపు చూసింది, మళ్ళీ ముందు వైపు చూసింది. రెండు వైపులా ఒకే తీరు. కత్తి కింద పెట్టేసింది.

“వద్దు. ఇప్పద్దు. ఎన్ని దినాలు కూసున్నదో ఆ తల్లి. దీన్ని చెడగొడితె మనకు పాపం తగుల్తది.”

బొంతను తనే నాలుగు మడతలు పెట్టింది. లేచి, పాలమూరామె భుజం మీద వేసింది. ముడతలు లేకుండా చేత్తో సవరించింది.

“చలి మొదలు కాంగనే పిల్లను పట్టుకరా దొరసానీ” అంది ఆమె. “ఇద్దర్ని ఒక్క దాంట్లనే పండవెడదం. అలవాటైన పానాలు.”

“మీ గుడిసె ఏ దిక్కు?” అని అడిగింది మా అమ్మ.

ఆ చలికాలమంతా మా అమ్మ గడికి తిరిగి పోలేదు. పొద్దు ఎక్కాక పిల్లను భుజాన వేసుకొని, వీపు నిటారుగానే పెట్టి, రాళ్ళగుట్టల మధ్య నుంచి నది ఒడ్డుకు నడిచి వెళ్ళేది. ఆఫీసు కిటికీలోంచి నేను చూసేవాడిని. కూలీల గుడిసెల దగ్గర ఎవరో చాప పరిచేవాళ్ళు. మా అమ్మ దాని మీద కూర్చునేది.